ఇల్లు మారేటప్పుడు ఫ్రిజ్ నీళ్ల పైపు విప్పడం: సమగ్ర మార్గదర్శి

ఐస్ మేకరో, తలుపులోంచే చల్లటి నీళ్లిచ్చే డిస్పెన్సరో ఉన్న ఫ్రిజ్‌కు కరెంటు వైరుతో పాటు వెనక ఒక సన్నటి నీళ్ల పైపు కూడా ఉంటుంది. లావు పావు అంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు. దాన్ని ఊడదీయడం అరగంట పని. మూడు మీటర్ల పైపులో ఉండే నీళ్లు సుమారు 50 మిల్లీలీటర్లే కాబట్టి, వాల్వు కట్టేసి విప్పితే వంటగది మునిగే ప్రమాదమేమీ లేదు.

ముంపు వచ్చేది ఆ తర్వాత, రెండు దారుల్లో. మీరు వదిలి వెళ్లిన వాల్వు సరిగా మూసుకోక ఖాళీ ఇంట్లో కారుతూ ఉండటం ఒకటి. ఫ్రిజ్ లోపల మిగిలిన నీళ్లు దారిలో ఒలకడమో, చలికి గడ్డకట్టి లోపలి వాల్వును పగలగొట్టడమో రెండోది. ఇది కొత్త ఇంట్లో పైపు తగిలించాక గానీ బయటపడదు. సెకనుకు ఒక్క చుక్క కారినా రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది. అందుకే ఇక్కడ స్పానర్ పట్టే పని కన్నా దానికి ముందూ వెనకా చేయాల్సినవాటికే ఎక్కువ చోటు ఇచ్చాం.

లోపలి ట్యాంకులో చేత్తో నీళ్లు పోసుకునే రకం ఫ్రిజ్ అయితే ఈ గొడవే లేదు. ట్యాంకు తీసి కడిగి, బాగా ఆరబెట్టుకుంటే చాలు.

పైపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది?

ఫ్రిజ్ వెనక నుంచి పైపు ఎటు పోతోందో చూసుకుంటూ వెళ్లండి. నీళ్లు ఆపే వాల్వు సాధారణంగా సింకు కింద చన్నీళ్ల పైపు మీదో, ఫ్రిజ్ వెనక గోడలో అమర్చిన చిన్న పెట్టెలోనో, కింది అంతస్తు పైకప్పు వెంట వెళ్లే పైపు మీదో, ఆర్వో ఫిల్టరు దగ్గరో ఉంటుంది. కట్టేసే ముందు అది ఈ పైపుదేనని రూఢి చేసుకోండి. సింకు కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

వాల్వు ఏ రకమో కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. పిడి పావు చుట్టు తిప్పితే మూసుకునేది బాల్ వాల్వు. పిడి పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు. నాలుగైదు చుట్లు తిప్పాల్సినవి మామూలు మర వాల్వులు. మూడోది సాడిల్ వాల్వు. రాగి పైపు చుట్టూ రెండు ముక్కల పట్టీ బిగించి, మధ్యలో ఉన్న సూదితో పైపుకు చిల్లు పొడిచి నీళ్లు లాగే ఏర్పాటు ఇది. పాత ఇళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. చాలా చోట్ల ప్లంబింగ్ నిబంధనలు దీన్ని ఇప్పుడు ఒప్పుకోవు, ఎందుకో కింద చెప్పుకుందాం.

పైపు రాగిదైతే రంగే చెబుతుంది. పాలరంగులో, కాస్త పారదర్శకంగా ఉండేది మామూలు ప్లాస్టిక్ ట్యూబు. అంతకన్నా గట్టిగా, వంచితే ఎదురుతిరిగేది పెక్స్ అనే గట్టి రకం ప్లాస్టిక్. స్టీలు తీగల అల్లికతో ఉన్నది అన్నిటికన్నా నమ్మకమైనది. విప్పడమూ తేలిక, వెంట తీసుకెళ్లడమూ తేలిక.

ఏదీ కదపక ముందే ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకోండి: వాల్వు, ఫ్రిజ్ వెనక కనెక్షన్, పైపును పట్టి ఉంచిన క్లిప్పులు, మొత్తం దారి. కొత్త ఇంట్లో ఏ ముక్క ఎటు పెట్టాలో గుర్తు తెచ్చుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు.

చేతికి అందుబాటులో ఉంచుకోవాల్సినవి

రెండు అడ్జస్టబుల్ స్పానర్లు కావాలి. ఒకటి సరిపోదు. పావు అంగుళం పైపు నట్లకు 7/16 లేదా 1/2 అంగుళం స్పానర్ పడుతుంది గానీ, తయారీని బట్టి సైజు మారుతుంది కాబట్టి అడ్జస్టబుల్ రకమే మేలు. ఫ్రిజ్ వెనక అడుగు మూత స్క్రూలకు పావు అంగుళం నట్టు డ్రైవరో, స్క్రూడ్రైవరో ఉండాలి. ఇంకా ఒక చిన్న బక్కెట్టు, లోతు తక్కువ ఉన్న పళ్లెం ఒకటి, నాలుగైదు పాత తువ్వాళ్లు, టార్చి లైటు, టేపు, జిప్ లాక్ సంచి, నేల గీరుకుపోకుండా పరచడానికి దళసరి అట్టముక్కలు. వాల్వు మూతికి బిగించే ఇత్తడి క్యాప్ కూడా ముందే కొనిపెట్టుకోండి. ఖాళీ చేసే రోజు సాయంత్రం దాని కోసం దుకాణాలు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

రెండు రోజుల ముందు: ఐస్ మేకర్ ఆపడం

ఐస్ మేకర్‌కు పక్కన తీగలాంటి కడ్డీ ఉంటే దాన్ని పైకెత్తి పెట్టండి. లేకపోతే స్విచ్చో, ముందు ప్యానెల్ మీద బటనో ఉంటుంది. నీళ్లు కట్టేసి ఐస్ మేకర్‌ను మాత్రం అలాగే వదిలేస్తే, అది నీళ్ల కోసం సోలినాయిడ్ వాల్వును (కరెంటుతో తెరుచుకునే ఫ్రిజ్ లోపలి వాల్వు) పదేపదే తెరుస్తూ, నీళ్లు రాక గుర్రుమంటూ ఉంటుంది. ముందుగా ఆపడంలో ఇంకో లాభం కూడా ఉంది. అచ్చులో ఉన్న చివరి విడత గడ్డకట్టడం పూర్తవుతుంది కాబట్టి సామాను ఎత్తే రోజున అందులోంచి నీళ్లు ఒలకవు. బుట్టలో ఉన్న ఐసు పారబోసి, తుడిచి పెట్టేయండి.

వాల్వు కట్టడం, కట్టింది నిజంగా కట్టుకుందో లేదో చూడటం

ఈ పని సామాను ఎత్తే రోజుకు కనీసం ఒక రోజు ముందు చేయండి. వాల్వు పాడైందని తేలితే బాగుచేయించడానికి సమయం ఉంటుంది.

బాల్ వాల్వు అయితే పావు చుట్టు తిప్పండి. మర వాల్వు అయితే గడియారం ముల్లు తిరిగే దిశలో, చేత్తో ఆగేదాకా. స్పానర్ పెట్టి బలవంతంగా తిప్పకండి. ఏళ్ల తరబడి కదలని వాల్వులో రబ్బరు వాషర్ పెళుసుబారి ఉంటుంది, దానికి ఉప్పు పేరుకుని ఉంటుంది. బలం ఉపయోగిస్తే మూసుకోకపోగా, పిడి దగ్గర నుంచి కొత్తగా కారడం మొదలవుతుంది. అలా పిడి చుట్టూ నీటి చెమ్మ కనిపిస్తే, పిడి కిందే ఉన్న చిన్న నట్టును ఎనిమిదో వంతు చుట్టు బిగించి చూడండి. చాలాసార్లు అంతటితో ఆగిపోతుంది.

తర్వాత ఫ్రిజ్‌కు కరెంటు ఉండగానే డిస్పెన్సర్ కింద గ్లాసు పెట్టి మీట నొక్కండి. చాలామంది తడబడేది ఇక్కడే. ప్లగ్గు పీకేసి, ఆ తర్వాత నీళ్ల సంగతి చూద్దామనుకుంటారు. ఫ్రిజ్ లోపలి వాల్వు కరెంటు ఉంటేనే తెరుచుకుంటుంది. కరెంటు తీసేశాక మీట ఎంత నొక్కినా ఒత్తిడి పైపులోనే బిగుసుకుని ఉంటుంది, నట్టు వదులు చేయగానే ముఖాన కొడుతుంది. కరెంటు ఉన్నప్పుడు నొక్కితే ధార కొన్ని సెకన్లలో సన్నబడి ఆగిపోతుంది.

ఆగిపోయిందంటే వాల్వు మూసుకున్నట్టేనా? ఇంకా కాదు. అరగంట ఆగి మళ్లీ నొక్కండి. ఒకటి రెండు చుక్కలు వస్తే అనుమానం లేదు, అది లోపల మిగిలినదే. మళ్లీ ఒక ధార వచ్చి ఆగితే మాత్రం ఆ అరగంటలో వాల్వు దాటి నీళ్లు వచ్చి పైపులో ఒత్తిడి పెరిగిందన్న మాట. వాల్వు లీకవుతోంది. ఇంటి మెయిన్ వాల్వు కట్టి పని చేయాలి, వెళ్లేలోపు ఈ వాల్వును మార్పించాలి.

డిస్పెన్సర్ లేకుండా ఐస్ మేకర్ మాత్రమే ఉన్న ఫ్రిజ్‌లలో ఈ పరీక్షకు వీలుండదు. ఒత్తిడి నట్టు దగ్గరే వదలాలి, కారడం పైపు కొస దగ్గరే చూడాలి.

ఆర్వో ఫిల్టరు నుంచి పైపు వస్తుంటే ఒక మెలిక ఉంది. ఆర్వోకు వచ్చే నీళ్లు కట్టేసినా, గాలి ఒత్తిడితో పనిచేసే నిల్వ ట్యాంకు ఉంటే అది నీళ్లను నెడుతూనే ఉంటుంది. ట్యాంకు పైన ఉన్న చిన్న వాల్వును కూడా కట్టాలి. లేదంటే లీటర్ల కొద్దీ నీళ్లు వస్తుంటాయి, తప్పు ఎక్కడుందో అర్థం కాదు.

ఫ్రిజ్‌ను ముందుకు లాగడం

అడుగున ముందు కాళ్లు కిందికి దించి ఉంటే పైకి తిప్పి చక్రాలు నేలకు ఆనేలా చేయండి. తలుపు పిడి పట్టుకుని లాగొద్దు. రెండు పక్కలా పట్టుకుని తిన్నగా ముందుకు తేవాలి. ఈ చక్రాలు ముందుకూ వెనక్కూ తప్ప పక్కకు తిరగవు. ఎడమా కుడీ ఊపుతూ నడిపిస్తే నేల మీద గీతలు పడతాయి, వెనక రాగి పైపు నొక్కుకుపోతుంది. అరడుగు లాగి, పైపు వదులుగా ఉందో లేదో టార్చితో చూసి, మళ్లీ లాగండి. సరిగ్గా బిగించిన చోట రెండు మీటర్ల దాకా అదనపు పైపు చుట్టగా ఉంటుంది. అది లేని చోట ఫ్రిజ్ కన్నా ముందు పైపు బిగుసుకుంటుంది.

మనిషి వెనకకు వెళ్లగలిగేంత జాగా వచ్చాక ప్లగ్గు తీసేయండి. వెనక మూత విప్పితే సోలినాయిడ్ వాల్వు పక్కనే కరెంటు కనెక్షన్లుంటాయి. అక్కడ నీళ్లు చిందే పని చేస్తూ కరెంటు ఉంచకూడదు.

ఏ కొస విప్పాలి?

పైపు గోడలోకో, నేల కిందికో పోతుంటే అది ఇంటిదే. ఫ్రిజ్ దగ్గర మాత్రమే విప్పి, కొస మూసి వదిలేయండి. విడిగా ఉన్న స్టీలు అల్లిక పైపు అయితే రెండు కొసలూ విప్పి పట్టుకెళ్లండి. మామూలు ప్లాస్టిక్ ట్యూబు పాతదైతే పట్టుకెళ్లొద్దని మా సలహా. ఏళ్లు గడిచే కొద్దీ అది పెళుసెక్కుతుంది, చుట్టిన చోట కంటికి కనిపించని పగుళ్లు వస్తాయి. కొత్త ట్యూబుకయ్యే ఖర్చు ఒక్క లీకు చేసే నష్టం ముందు లెక్కలోకే రాదు.

నట్టు, రింగు ఉన్న కనెక్షన్

దీన్నే కంప్రెషన్ ఫిట్టింగ్ అంటారు. పైపు మీద ఒక నట్టు, దాని కింద ఫెర్రూల్ అనే సన్నటి ఇత్తడి రింగు ఉంటాయి. నట్టు బిగించినప్పుడు రింగు నలిగి పైపును కరుచుకుని నీళ్లను ఆపుతుంది.

కింద పళ్లెం, చుట్టూ తువ్వాలు పెట్టుకోండి. ఒక స్పానర్‌తో వాల్వు ఒంటిని కదలకుండా పట్టుకుని, రెండో స్పానర్‌తో నట్టు తిప్పండి. పట్టుకునే స్పానర్ తప్పనిసరి. అది లేకుండా తిప్పితే వాల్వంతా నట్టుతో పాటు తిరిగి, దానికి అవతల ఉన్న అతుకు వదులవుతుంది. ఫ్రిజ్ వైపైతే ప్లాస్టిక్ సోలినాయిడ్ ఒళ్లే చిట్లుతుంది.

దిశ విషయంలో వంగి, తలకిందులుగా చూస్తున్నప్పుడు పొరబడటం సులువు. పైపు వైపు నుంచి నట్టును చూస్తున్నట్టు ఊహించుకుని, గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిప్పాలి. అర చుట్టు వదులవగానే ఆగండి. మిగిలిన ఒత్తిడి బుస్సుమని పోతుంది. ఆ తర్వాత చేత్తోనే పూర్తిగా తీసేయవచ్చు. పైపును తిన్నగా వెనక్కి లాగండి. రింగు, నట్టు పైపు మీదే ఉండిపోతాయి. వాటిని పీకే ప్రయత్నం చేయకండి, జారిపోకుండా టేపు చుట్టేయండి.

నట్టు కదలకపోతే, చుట్టూ చొచ్చుకుపోయే నూనె కొద్దిగా వేసి పావుగంట ఆగండి. నూనె పైపు మూతిలోకి పోకూడదు, అవి తాగే నీళ్లు. దీపంతో వేడిచేసే పని మాత్రం వద్దు, లోపల రబ్బరూ ప్లాస్టిక్కూ ఉన్నాయి.

నొక్కి లాగే కనెక్షన్

ఆర్వో ఫిల్టర్లలో చూసే పుష్ కనెక్టరే ఇది. ట్యూబు లోపలికి పోయే చోట ఒక చిన్న ప్లాస్టిక్ రింగు ఉంటుంది. దాని కింద నీలమో ఎరుపో రంగు క్లిప్పు ఉంటే ముందు దాన్ని పక్కకు లాగి తీయండి. తర్వాత రింగును రెండు వేళ్లతో అన్ని వైపులా సమానంగా కనెక్టరు ఒంటి వైపు నొక్కి పట్టుకుని, రెండో చేత్తో ట్యూబును తిన్నగా లాగండి.

రావడం లేదంటే రెండే కారణాలు. లోపల ఇంకా ఒత్తిడి ఉండొచ్చు. ఒత్తిడి ఉన్నంతసేపూ లోపలి స్టీలు పళ్లు ట్యూబును మరింత గట్టిగా కరుచుకుంటాయి. లేదా రింగు ఒకవైపే నొక్కుకుపోతోంది. ట్యూబు దూరేంత బెజ్జం ఉన్న సన్న స్పానర్‌ను రింగు మీద ఆనించి నొక్కితే సమానంగా పడుతుంది. నొక్కకుండా ట్యూబును మెలితిప్పి లాగితే పళ్లు దాన్ని గీరేస్తాయి. ఆ గీతలున్న ముక్కను మళ్లీ దూరిస్తే అక్కడి నుంచే కారుతుంది.

రబ్బరు వాషరు ఉన్న స్టీలు అల్లిక పైపు

నట్టు విప్పితే చాలు, పైపు వచ్చేస్తుంది. లోపల వాషరు ఉందో లేదో మాత్రం చూసుకోండి. ఒక్కోసారి అది ఫ్రిజ్ మూతికే అతుక్కుని ఉండిపోతుంది.

వదిలి వెళ్లే వాల్వు

పైపు కొసను ఒక పొడి గ్లాసులో పెట్టి పావుగంట వదిలేయండి. మొదట పైపులోని నీళ్లు రాలతాయి. వాటిని పారబోసి, గ్లాసు తుడిచి మళ్లీ పెట్టండి. ఈసారి ఒక్క చుక్క కూడా పడకూడదు. పడితే వాల్వు లోపల లీకు ఉన్నట్టే.

చుక్క పడకపోయినా క్యాప్ బిగించే వెళ్లండి. ఖాళీ ఇంట్లోకి శుభ్రం చేసేవాళ్లో, రంగులేసేవాళ్లో వస్తారు. ఎవరో ఒకరు సింకు కింద పిడి ఏదో తిప్పి చూస్తారు. క్యాప్ లేని బాల్ వాల్వు పావు చుట్టులో ధారగా పోస్తుంది. పైపును వాల్వు దగ్గరే విప్పితే వాల్వు మూతికి ఇత్తడి క్యాప్, పుష్ కనెక్టరైతే పావు అంగుళం ప్లాస్టిక్ ప్లగ్గు. క్యాప్ సైజు విషయంలో ఊహాగానాలు వద్దు, పాత నట్టునే దుకాణానికి పట్టుకెళ్లి సరిచూసుకోండి. గోడలోంచి వచ్చే పైపును కొస దగ్గర మూయాల్సి వస్తే, ఉన్న నట్టుకూ రింగుకూ సరిపోయే ప్లగ్గు దొరుకుతుంది.

క్యాప్ బిగించాక వాల్వును ఒక నిమిషం తెరిచి, క్యాప్ చుట్టూ టిష్యూ కాగితం తాకించి చూడండి. పొడిగా ఉంటే మళ్లీ వాల్వు కట్టేయండి. ఇప్పుడు రెండు అడ్డుకట్టలు పడ్డాయి, రెండూ పరీక్షించినవే.

సాడిల్ వాల్వు ఉంటే రెండు జాగ్రత్తలు. మూసేటప్పుడు నిదానంగా, గడియారం ముల్లు దిశలో తిప్పండి. లోపలి సూదే చిల్లును మూస్తుంది కాబట్టి సూది మొన అరిగినా, ఉప్పు పేరుకున్నా పూర్తిగా ఆగదు. ఈ రకం వాల్వులకు చెడ్డపేరు వచ్చింది ఇందుకే. ఇక ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పట్టీని పైపు మీద నుంచి విప్పేయకండి. కింద రాగి పైపుకు చిల్లు ఉంది. పట్టీ తీసిన క్షణం ఆ చిల్లులోంచి ఇంటి నీటి ఒత్తిడంతా బయటకు కొడుతుంది. దాన్ని తీయించాలంటే మెయిన్ కట్టి, ఆ పైపు ముక్కను కోసి, కొత్త ముక్క వేయించాలి. మీరు చేయాల్సింది మూతికి క్యాప్ పెట్టడం, ఇంటి యజమానికి ఆ సంగతి చెప్పడం.

ఫ్రిజ్ లోపలి నీళ్లు

డిస్పెన్సర్ ఉన్న చాలా ఫ్రిజ్‌లలో కూరగాయల అరల వెనక ఒక చిన్న ట్యాంకో, పొడవాటి ట్యూబు చుట్టో ఉంటుంది. ఇందాక మీట నొక్కినప్పుడు పోయింది ఒత్తిడి మాత్రమే. వెనక నుంచి నెట్టే నీళ్లు లేవు కాబట్టి ట్యాంకులోవి అక్కడే ఉన్నాయి.

ఇవి తీయాలా వద్దా అన్నది ప్రయాణాన్ని బట్టి. కొన్ని గంటల్లో, నిలువుగా, గడ్డకట్టే చలి లేని దారిలో వెళ్తుంటే అక్కర్లేదు. ఫ్రిజ్ వెనక నీళ్ల మూతికి చిన్న ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేస్తే చాలు. నెలల తరబడి గోదాములో ఉంచుతున్నా, ఉష్ణోగ్రత సున్నా కిందికి పోయే చోట్ల మీదుగా వెళ్తున్నా తీయాల్సిందే. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి, సోలినాయిడ్ వాల్వు ప్లాస్టిక్ ఒళ్లు సన్నగా చీలుతుంది. ఆ చీలిక పొడిగా ఉన్నప్పుడు కనిపించదు. కొత్త ఇంట్లో నీళ్లు వదిలాక ఫ్రిజ్ కింద మడుగు కడుతుంది, అందరూ తప్పు కొత్త కనెక్షన్ మీద వేస్తారు.

తీసే పద్ధతి ఇది. ముందు ఫిల్టరు తీయండి, కింద తువ్వాలు పెట్టుకుని, ఎందుకంటే దాని నిండా నీళ్లుంటాయి. తడిసిన ఫిల్టరు గుండా గాలి సులువుగా పోదు. కొన్ని మోడళ్లలో ఫిల్టరు తీస్తే దారి దానంతటదే తెరుచుకుంటుంది, కొన్నిటికి ఫిల్టరు చోట ఫ్రిజ్‌తో వచ్చిన బైపాస్ ప్లగ్గు పెట్టాలి. ఆ ప్లగ్గు కావాల్సిన మోడల్ అయి, అది చేతిలో లేకపోతే ఈ పని మెకానిక్‌కు వదిలేయండి. వెనక మూత బిగించి, అంతా పొడిగా తుడిచి, కరెంటు ప్లగ్గు మళ్లీ పెట్టండి. ఒకరు వెనక నీళ్ల మూతికి ఒక చిన్న ట్యూబు తగిలించి సైకిలు పంపు లాంటి చేతి పంపుతో మెల్లగా గాలి కొడుతుంటే, ఇంకొకరు ముందు డిస్పెన్సర్ మీట నొక్కి పట్టాలి. నీళ్లు తుంపర్లుగా వచ్చి, చివరికి ఉత్త గాలి వస్తుంది. మోటారు కంప్రెసర్ వాడొద్దు, లోపలి అతుకులు ఆ ఒత్తిడికి ఊడొచ్చు.

పని అయ్యాక కరెంటు ప్లగ్గు తీసేయండి. ఆ తడి ఫిల్టరును దాచుకోకండి. రోజుల తరబడి వెచ్చగా, తడిగా ఉన్న ఫిల్టరులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మామూలుగానే ఆరు నెలలకోసారి మార్చాల్సిన వస్తువు అది, ఇల్లు మారడం మంచి సందర్భం. ఐస్ మేకర్ అచ్చులో నీళ్లుంటే స్పాంజితో పీల్చేయండి. కంప్రెసర్ పక్కన నీళ్లు పట్టే పళ్లెం ఉంటుంది, దాన్నీ చూడండి. లారీలో ఫ్రిజ్ వంచగానే ఒలికేది ఎక్కువగా ఆ నీళ్లే.

తలుపులు ఊడదీయాల్సి వస్తే

పెద్ద ఫ్రిజ్ గుమ్మంలో పట్టక తలుపులు తీయాల్సి వస్తే ఇంకో నీళ్ల ట్యూబు ఎదురవుతుంది. డిస్పెన్సర్ ఉన్న తలుపుకు కీలు దగ్గర నుంచి, కొన్ని మోడళ్లలో పై నుంచి, కొన్నిట్లో కింది నుంచి, నీళ్లు వెళ్తాయి. అక్కడా పుష్ కనెక్టరే ఉంటుంది, విప్పే తీరూ అదే. పక్కనే కరెంటు వైర్ల కనెక్టరు ఉంటుంది, దాని గొళ్లెం నొక్కి విడదీయాలి. ఈ రెండూ విడదీయకుండా తలుపు ఎత్తితే ట్యూబు తెగుతుంది. తలుపు లోపలి నుంచి వచ్చే ఆ ట్యూబును మార్చడం ఒక్కోసారి తలుపు మార్చడంతో సమానం.

మూటగట్టడం

పైపు రెండు కొసలకూ టేపు వేసి, అడుగుకు తక్కువ కాకుండా వెడల్పుగా చుట్టండి. రాగి పైపును మాటిమాటికీ వంచి, తిన్నగా చేసి, మళ్లీ వంచకండి. వంచిన ప్రతిసారీ ఆ చోట గట్టిపడి చివరికి చిట్లుతుంది. నట్లు, వాషర్లు, క్లిప్పులు, మూత స్క్రూలు జిప్ లాక్ సంచిలో వేసి, పెట్టెల్లో కాకుండా ఫ్రిజ్ లోపలే టేపుతో అంటించండి. ఫ్రిజ్ నిలువుగానే ప్రయాణించాలి. పడుకోబెట్టక తప్పకపోతే, పడుకున్నంతసేపైనా నిలబెట్టి ఉంచాకే కరెంటు ఇవ్వండి.

కొత్త ఇంట్లో తిరిగి తగిలించడం

కనెక్షన్ చన్నీళ్ల పైపుకే ఇవ్వాలి. నీటి ఒత్తిడి ఎంత ఉండాలన్నది మాన్యువల్‌లో రాసి ఉంటుంది, చాలా ఫ్రిజ్‌లకు 20 నుంచి 120 పీఎస్‌ఐ దరిదాపుల్లో. ఆర్వో నుంచి ఇచ్చేటప్పుడు ఇది ముఖ్యం. ఒత్తిడి చాలకపోతే లోపలి వాల్వు సరిగా మూసుకోక ఐస్ మేకర్‌లోకి చుక్కలు పడుతూ ఉంటాయి.

ఫ్రిజ్‌కు తగిలించే ముందు పైపు కొసను బక్కెట్టులో పెట్టి ఒకటి రెండు లీటర్లు వదలండి. కొత్త వాల్వు బిగించినప్పటి ఇత్తడి పొడి, టేపు ముక్కలు ఇలా బయటకు పోతాయి. లేదంటే అవి వెళ్లి సోలినాయిడ్ వాల్వు జల్లెడలో ఇరుక్కుంటాయి.

ట్యూబు కోసేటప్పుడు పదునైన బ్లేడుతో అడ్డంగా, తిన్నగా కోయండి. కత్తెర ట్యూబును నొక్కి కోడిగుడ్డు ఆకారం చేస్తుంది. పాత రింగో, గీతలో ఉన్న ముక్కను రెండు సెంటీమీటర్ల దాకా కోసి పారేయండి. పుష్ కనెక్టరులో ట్యూబు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల లోపలికి వెళ్లాలి. ముందే పెన్నుతో గీత గీసుకుంటే పూర్తిగా వెళ్లిందో లేదో తెలుస్తుంది. సగంలో ఆగినట్టు అనిపించే చోటు లోపలి రబ్బరు రింగు, దాన్ని దాటించాలి. ప్లాస్టిక్ ట్యూబును నట్టు రింగు కనెక్షన్‌కు వాడితే లోపల సన్నటి ఇన్సర్టు గొట్టం పెట్టాలి. లేకపోతే రింగు పట్టుకు ట్యూబు నలిగి జారిపోతుంది.

బిగింపు ఎంత? కొత్త రింగైతే చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన స్పానర్‌తో ముప్పావు నుంచి ఒక చుట్టు. పాత రింగునే వాడితే చేతి బిగింపు మీద పావు చుట్టు. చుక్క కనిపిస్తే ఎనిమిదో వంతు చొప్పున పెంచండి. ఈ మరలకు టెఫ్లాన్ టేపు వద్దు, నీళ్లను ఆపేది మర కాదు, రింగు. టేపు వేస్తే నట్టు పూర్తిగా బిగిసిన భ్రమ కలుగుతుంది, రింగు మాత్రం చాలినంత నలగదు.

వాల్వు మెల్లగా తెరిచి, అన్ని అతుకులనూ పొడి టిష్యూతో తాకి చూడండి. ఫ్రిజ్‌ను వెంటనే వెనక్కి నెట్టేయకండి, రెండు మూడు గంటలాగి మళ్లీ చూడండి. తర్వాత కొత్త ఫిల్టరు పెట్టి, మీటను ఐదు సెకన్లు నొక్కి, ఐదు సెకన్లు వదులుతూ ఉండండి. ట్యాంకు నిండేదాకా నీళ్లు రావు, ఆ తర్వాత గాలితో కలిసి దగ్గుతున్నట్టు వస్తాయి. ధార నిలకడ అయ్యాక 10 నుంచి 15 లీటర్లు పారబోయండి. కొత్త ఫిల్టరులోని బొగ్గు నలుసు దానితో పోతుంది. మొక్కలకు పోసుకోవచ్చు.

ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలకు చేరాకే ఐస్ మేకర్ ఆన్ చేయండి. మొదటి ఐసు రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, మొదటి రెండు మూడు విడతలు పారేయండి. ఫ్రిజ్‌ను వెనక్కి నెట్టేటప్పుడు పైపు చుట్ట గోడకూ కంప్రెసర్‌కూ మధ్య నలగకుండా ఒక పక్కకు సర్దండి. మర్నాడు ఐసు పలచగానో చిన్నగానో వస్తే, వేరే తప్పులు వెతకక ముందు పైపు ఎక్కడైనా మడత పడిందేమో చూడండి.